అమెరికా ప్రైమరీలో డెలిగేట్ల లెక్క కాగితం మీద వేసుకోవడం ఎలా

దక్షిణ కరోలినాలో 2024 ఫిబ్రవరి 24న జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లు చెప్పే ఎన్నికలో, ఆ రాష్ట్ర మాజీ గవర్నర్ నిక్కీ హేలీకి నూటికి 39.5 ఓట్లు వచ్చాయి. ఆ రాష్ట్రం నుంచి పార్టీ మహాసభకు వెళ్లి అభ్యర్థికి ఓటు వేసే డెలిగేట్లు 50 మంది. అందులో ఆమెకు దక్కింది ముగ్గురే. మా పాఠశాల స్టాఫ్ రూములో ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే, "ఎక్కడో అచ్చుతప్పు పడి ఉంటుంది మేడం, ఇరవై అయి ఉండాలి" అన్నారు తోటి ఉపాధ్యాయులు. అచ్చుతప్పు కాదు. ఆ రాష్ట్రంలో ఆ పార్టీ పెట్టుకున్న నియమం ప్రకారం సరిగ్గా మూడే రావాలి.

అదే రాష్ట్రంలో చార్లెస్టన్ దగ్గర మా అక్క కూతురు ఉంటుంది. అక్కడి పౌరసత్వం వచ్చాక తను వేసిన మొదటి ప్రైమరీ ఓటు అది. ఫలితం తేలాక ఫోన్ చేసి, "పిన్నీ, నేను ఓటేసిన ఆవిడ మా వైపు గెలిచింది, రాష్ట్రం మొత్తం మీద ఓడిపోయింది. నా ఓటు లెక్కలోకి వచ్చినట్టా, రానట్టా?" అని అడిగింది. వచ్చింది. ఆ ముగ్గురు డెలిగేట్లూ తన ఓటు ఉన్న నియోజకవర్గం నుంచి వచ్చినవారే. ఎలాగో తనకు ఫోనులో చెప్పాను. మన వైపు ఎంతోమంది పిల్లలు అక్కడ స్థిరపడ్డారు, ఇక్కడి పెద్దవాళ్లు పొద్దున్నే టీవీ పెట్టుకుని ఆ ఫలితాలు చూస్తున్నారు. వాళ్ల కోసం అదే సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఉంటాను, నరసన్నపేట వైపు ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా ఉద్యోగంలో ఎన్నికల డ్యూటీ తప్పదు. పోలింగు కేంద్రంలోనూ కూర్చున్నాను, లెక్కింపు బల్లల దగ్గరా కూర్చున్నాను. రౌండు పూర్తయ్యాక బల్లల వారీ అంకెలు ఒక పట్టీ మీదికి ఎక్కించి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కూడి, రెండు మొత్తాలూ కలిస్తేనే సంతకం పెట్టే పని అది. ఆ పని చేసినవారికి ఎవరో చెప్పిన మొత్తాన్ని అలాగే నమ్మాలనిపించదు. అమెరికా ప్రైమరీని కూడా అలాగే చూడమని నా సలహా. ఒక రూళ్ల కాగితం, పెన్ను, ఫోనులోని కాలిక్యులేటర్ చాలు. అంకెలకంటే ముందు నియమం కావాలి. నియమం తెలియకుండా శాతం చూస్తే ఆ శాతానికి అర్థం లేదు.

డెలిగేటు ఎవరో తెలిస్తే మిగతాది తేలిక. మన మండలంలో ఎంపీపీని ఓటరు నేరుగా ఎన్నుకోడు. ఓటరు ఎంపీటీసీని గెలిపిస్తాడు, ఎంపీటీసీలందరూ ఒకచోట చేరి చేతులెత్తి ఎంపీపీని ఎన్నుకుంటారు. ఎవరి వైపు ఎంపీటీసీలు ఎక్కువ ఉంటే వారిదే పదవి. మండలం మొత్తం మీద ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయని అప్పుడు ఎవరూ అడగరు. అమెరికాలో పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఖరారు చేసేది కూడా ఈ తీరులోనే. ఒక్కో రాష్ట్రం నుంచి ఇంతమంది డెలిగేట్లని పార్టీ నిర్ణయిస్తుంది. వేసవిలో జరిగే జాతీయ మహాసభకు వాళ్లు వెళ్లి ఓటు వేస్తారు. మొత్తం డెలిగేట్లలో సగానికి మించి ఎవరికి ఉంటే వారే అభ్యర్థి. రిపబ్లికన్లకు 2024లో మొత్తం 2,429 మంది, కావలసింది 1,215. ట్రంప్ ఆ అంకెను మార్చి 12న దాటారు. డెమోక్రాట్లకు 2020లో ప్రైమరీల ద్వారా తేలే డెలిగేట్లు 3,979 మంది, కావలసింది 1,991. విప్ జారీ అయిన ఎంపీటీసీలాగే డెలిగేటు కూడా మొదటి విడత ఓటింగులో తనను ఏ అభ్యర్థి పేరు మీద పంపారో వారికే కట్టుబడి ఉండాలి.

ఇక కాగితం తీసుకోండి. పైన రాష్ట్రం పేరు, పార్టీ పేరు, తేదీ రాయండి. దాని కింద మొదటి ప్రశ్న: ఈ రోజు జరుగుతున్న ఎన్నికకు డెలిగేట్లు ఉన్నారా?

ఈ ప్రశ్న వేసుకోనందువల్ల 2024లో నెవాడా విషయంలో చాలామంది పొరబడ్డారు. ఫిబ్రవరి 6న అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ప్రైమరీ నిర్వహించింది. రిపబ్లికన్ బ్యాలెట్‌లో హేలీ పేరు ఉంది, ట్రంప్ పేరు లేదు. నెవాడాలో 1975 నుంచి "వీరిలో ఎవరూ కాదు" అనే గడి ఉంది. మనకు నోటా 2013లో వచ్చింది. ఆ గడికి నూటికి అరవైకి పైగా, హేలీకి ముప్పై చొప్పున ఓట్లు పడ్డాయి. నోటా చేతిలో మాజీ గవర్నర్ ఓడిపోయారని ఎక్కడ చూసినా అదే వార్త. నిజానికి ఆ రోజు ఓట్లకు దక్కిన డెలిగేట్లు సున్నా. రిపబ్లికన్ పార్టీ ఆ ప్రైమరీని లెక్కలోకి తీసుకోకుండా, రెండు రోజుల తరువాత ఫిబ్రవరి 8న తన సొంత కాకస్ పెట్టుకుంది. కాకస్ అంటే పార్టీ తానే పిలిచి, సమావేశాల్లో జరుపుకునే ఎన్నిక. నెవాడాకు ఉన్న 26 మంది డెలిగేట్లూ అక్కడ ట్రంప్‌కు వెళ్లారు. ఫిబ్రవరి 6 రాత్రి టీవీ ముందు కూర్చున్నవారు చూసిన అంకెలకు మహాసభలో ఏ విలువా లేదు.

కొన్నిచోట్ల ఒకే రాష్ట్రంలో ప్రైమరీ, కాకస్ రెండూ జరిగి, రెండింటికీ డెలిగేట్లు ఉండేవారు. టెక్సాస్‌లో 2008లో డెమోక్రాట్లు అలా చేశారు. ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ గెలిచి 65 మందిని తెచ్చుకుంటే ఒబామాకు 61 మంది. కాకస్‌లో ఒబామాకు 38, ఆమెకు 29. రెండూ కూడితే ఒబామాకు 99, క్లింటన్‌కు 94. రాష్ట్రం ఆమె గెలిచిందని పత్రికలు రాశాయి, డెలిగేట్లు ఆయనకు ఎక్కువ వచ్చారు. రెండు మాటలూ నిజమే.

రెండో ప్రశ్న: డెలిగేట్లను ఎన్ని గదుల్లోకి పంచారు? రాష్ట్రం మొత్తానికి ఒక గది, ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గానికి ఒక్కో గది ఉంటుంది. కాంగ్రెస్ నియోజకవర్గం అంటే మన లోక్‌సభ స్థానం వంటిది. దక్షిణ కరోలినాలో అవి ఏడు. కాగితం మీద పైన ఒక పెద్ద గడి, కింద ఏడు చిన్న గడులు గీయండి. ఒక్కో గడిలో ఎంతమంది డెలిగేట్లో రాయండి.

మూడో ప్రశ్న: ఒక్కో గదిలో పంపకం ఎలా? అంతా గెలిచినవారికేనా, లేక ఓట్ల నిష్పత్తిలోనా? రెండు పార్టీలకూ ఇక్కడే దారులు వేరు. రిపబ్లికన్లు చాలావరకు ఏ రాష్ట్రం పద్ధతిని ఆ రాష్ట్ర శాఖకే వదిలేస్తారు. డెమోక్రాట్లకు దేశమంతా ఒకటే పద్ధతి.

రిపబ్లికన్ల లెక్క ముందు చూద్దాం, అది పొట్టిది. దక్షిణ కరోలినాలో వారికి రాష్ట్రం గదిలో 29 మంది, ఏడు నియోజకవర్గాల్లో ముగ్గురేసి చొప్పున 21 మంది. ఏ గదిలో ఎవరు ముందుంటే ఆ గదిలో ఉన్నవారంతా వారికే. ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా అంతే, లక్ష ఓట్ల ఆధిక్యం వచ్చినా అంతే.

దీన్ని మన జిల్లాకు తెచ్చుకుంటే వెంటనే అర్థమవుతుంది. శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో కూడా అసెంబ్లీ నియోజకవర్గాలు సరిగ్గా ఏడే: ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట. ఒక పార్టీ తన అభ్యర్థిని ఇక్కడ ఈ పద్ధతిలో ఎంచుకుంటోందని అనుకోండి. ఇద్దరు పోటీ పడ్డారు. మొత్తం మీద ఒకరికి నూటికి అరవై, ఇంకొకరికి నలభై. మొదటివారికి 29 మంది వెంటనే వెళ్లిపోయారు. రెండోవారు ఇచ్ఛాపురంలో మాత్రం ముందున్నారు, మిగతా ఆరు చోట్లా గట్టి పోటీ ఇచ్చి వెనకబడ్డారు. అప్పుడు వారికి వచ్చేది ఇచ్ఛాపురం ముగ్గురే. టెక్కలిలో పడిన నలభై శాతానికీ, పాతపట్నంలో పడిన నలభై శాతానికీ ఒక్కరూ రారు. హేలీకి జరిగింది ఇదే. చార్లెస్టన్ ఉన్న కోస్తా ప్రాంతపు ఒకటో నియోజకవర్గంలో ఆమె గెలిచారు. అక్కడి ముగ్గురూ ఆమెవారు. మిగతా 47 మందీ ట్రంప్‌వారు.

అదే రాష్ట్రంలో 2016లో అయితే పోటీలో చాలామంది ఉన్నారు. ట్రంప్‌కు వచ్చింది నూటికి 32.5 మాత్రమే. రూబియో, క్రూజ్ ఇద్దరూ ఇరవై రెండు చొప్పున దగ్గరదగ్గరగా ఉన్నారు. ఓట్లు చీలిపోవడంతో ఏడు నియోజకవర్గాల్లోనూ ట్రంపే ముందు. మూడో వంతు ఓట్లయినా రాకుండానే 50కి 50 మంది డెలిగేట్లు. అందుకే ఇలాంటి రాష్ట్రంలో గెలిచినవారి శాతం కంటే పోటీలో ఎంతమంది మిగిలారో ముందు చూడాలి.

ఇదే పార్టీ అయోవాలో పూర్తిగా వేరు పద్ధతి పాటించింది. 2024 జనవరి 15న జరిగిన కాకస్‌లో 40 మందిని ఓట్ల నిష్పత్తిలోనే పంచారు. ట్రంప్‌కు 20, డిశాంటిస్‌కు 9, హేలీకి 8, వివేక్ రామస్వామికి 3. రామస్వామికి వచ్చిన ఓట్లు నూటికి ఎనిమిది కూడా నిండలేదు. అయినా ముగ్గురు. నలభైకి దగ్గరగా ఓట్లు తెచ్చుకున్న హేలీకి దక్షిణ కరోలినాలోనూ ముగ్గురే. ఈ రెండు వాక్యాలను మా తొమ్మిదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసి చూపించాను. నిష్పత్తి పాఠం అంత శ్రద్ధగా వాళ్లు విన్నది ఆ రోజే.

రాత్రి తెర మీద కనిపించే మ్యాపు గురించి ఒక హెచ్చరిక. అందులో రంగులు కౌంటీల వారీగా వేస్తారు. కౌంటీ అంటే మన జిల్లాకు దగ్గరగా ఉండే పరిపాలనా భాగం. డెలిగేట్లు మాత్రం కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా వెళ్తారు, రెండింటి సరిహద్దులూ ఒకటి కావు. 2024లో హేలీకి మూడు కౌంటీలు వచ్చాయి: చార్లెస్టన్, బ్యూఫోర్ట్, రిచ్‌లాండ్. రాష్ట్ర రాజధాని కొలంబియా ఉన్నది రిచ్‌లాండ్‌లోనే. మ్యాపులో అది హేలీ రంగులో మెరిసిపోయింది. కానీ ఆ కౌంటీ కలిసిన నియోజకవర్గాల్లో మొత్తం మీద ట్రంప్ ముందున్నారు కాబట్టి అక్కడి నుంచి ఆమెకు ఒక్క డెలిగేటూ రాలేదు. రంగులు చూసి లెక్క వేయకండి. నియోజకవర్గాల పట్టీ ఎక్కడ ఉందో వెతికి, అది తెరిచి పెట్టుకోండి.

ఇప్పుడు డెమోక్రాట్లు. వీరి లెక్క కాస్త పొడవు, కానీ చేయగలిగితే ఎంతో సంతోషంగా ఉంటుంది. నియమాలు రెండు. ఒక గదిలో నూటికి 15 ఓట్లు దాటనివారికి ఆ గదిలో ఏమీ లేదు. దాటినవారి మధ్య ఓట్ల నిష్పత్తిలో పంపకం. మన ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ పోతుంది. ఆరో వంతు అంటే నూటికి సుమారు 16.7. అక్కడి గీత దాదాపు అదే ఎత్తులో ఉందని గుర్తుపెట్టుకుంటే మరచిపోరు. మన దగ్గర పోయేది డబ్బు, అక్కడ పోయేది డెలిగేట్లు.

దక్షిణ కరోలినాలోనే 2020 ఫిబ్రవరి 29న జరిగిన డెమోక్రాటిక్ ప్రైమరీ తీసుకుందాం. మొత్తం 54 మంది. రాష్ట్రం స్థాయిలో రెండు గదులు: రాష్ట్రవ్యాప్త కోటా 12 మంది, పార్టీ నాయకులకూ పదవుల్లో ఉన్నవారికీ ఉద్దేశించిన కోటా 7 మంది. ఏడు నియోజకవర్గాలకు కలిపి 35 మంది. రిపబ్లికన్లలా తలా ముగ్గురు కాదు, పార్టీకి బలం ఎక్కువ ఉన్నచోట ఎక్కువమంది. ఒకచోట ముగ్గురుంటే, జేమ్స్ క్లైబర్న్ ప్రాతినిధ్యం వహించే ఆరో నియోజకవర్గంలో ఎనిమిది మంది. పోలింగుకు మూడు రోజుల ముందు ఆ క్లైబర్నే బైడెన్‌కు మద్దతు ప్రకటించారు.

రాష్ట్రం మొత్తం మీద బైడెన్‌కు 48.65, శాండర్స్‌కు 19.77, స్టయర్‌కు 11.34 శాతం. మిగతావారు ఇంకా తక్కువ. 15 గీత దాటింది ఇద్దరే. మిగతావారిని కొట్టివేసి ఇద్దరి శాతాలూ కూడండి: 68.42. ఇకపై వంద స్థానంలో ఈ అంకె నిలుస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, 48.65ను నేరుగా 12తో గుణించి తప్పు జవాబు తెచ్చుకుంటారు. గీత దాటనివారి ఓట్లు పక్కకు వెళ్లాక, మిగిలిన ఓట్లలో వాటా తీయాలి.

బైడెన్: 48.65ను 68.42తో భాగించి 12తో గుణిస్తే 8.53.
శాండర్స్: 19.77ను 68.42తో భాగించి 12తో గుణిస్తే 3.47.

ముందుగా పూర్ణాంకాలు ఇచ్చేయండి: 8, 3. పదకొండు మంది అయ్యారు, ఒకరు మిగిలారు. మిగిలినవారు ఎవరి దశాంశ భాగం పెద్దదో వారికి వెళ్తారు. 0.53 పెద్దది, 0.47 చిన్నది. కాబట్టి బైడెన్‌కు 9, శాండర్స్‌కు 3. ఒక డెలిగేటు ఎటు వెళ్లాలో తేల్చింది ఆ ఆరు వందో వంతుల తేడా. రెండో కోటాలో 7తో గుణిస్తే 4.98, 2.02 వస్తాయి. పూర్ణాంకాలు 4, 2. మిగిలిన ఒకరు బైడెన్‌కే. 5, 2. రాష్ట్రం గదుల్లో మొత్తం బైడెన్‌కు 14, శాండర్స్‌కు 5. నియోజకవర్గాల గదులను ఒక్కొక్కటిగా ఇలాగే చేస్తే 25, 10 వస్తాయి. అన్నీ కూడితే 39, 15. పార్టీ ప్రకటించిన అంకెలు కూడా అవే. నిలువు మొత్తం అడ్డం మొత్తంతో కలిసినప్పుడు లెక్కింపు బల్ల దగ్గర కలిగే ఊరట ఇక్కడా కలుగుతుంది.

ఈ లెక్కలో నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. 68.42 పోగా మిగిలింది 31.58. అంటే రాష్ట్రం గదుల్లో ప్రతి పదిమంది ఓటర్లలో ముగ్గురికి పైగా వేసిన ఓట్లకు డెలిగేటు లేడు. స్టయర్‌కు ప్రతి తొమ్మిది ఓట్లలో ఒకటి పడింది, డెలిగేటు ఒక్కరూ రాలేదు. ఓడినవారికీ వాటా ఇచ్చే డెమోక్రాట్ల పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. అయితే ఆ గీత పదికి దిగితే ఇంకా న్యాయంగా ఉంటుంది.

చిన్న గదుల్లో ఇదే లెక్క ఎంత వింతగా మారుతుందో చూడండి, దీని మీద ఒక సాయంత్రం వెచ్చించినా తక్కువే. నలుగురు డెలిగేట్లున్న నియోజకవర్గంలో ఇద్దరి మధ్య పోటీ. ఒకరికి 60, ఒకరికి 40. నాలుగుతో గుణిస్తే 2.4, 1.6. పూర్ణాంకాలు 2, 1. మిగిలిన ఒకరు 0.6 ఉన్న రెండోవారికి వెళ్తారు. ఫలితం 2, 2. ఇరవై శాతం ఆధిక్యంతో గెలిచి కూడా సమానమే. మూడో డెలిగేటు రావాలంటే 62.5 దాటాలి. పక్కనే ముగ్గురున్న నియోజకవర్గం ఉంది. అక్కడ 52, 48. మూడుతో గుణిస్తే 1.56, 1.44. పూర్ణాంకాలు చెరొకటి, మిగిలిన ఒకరు 0.56 ఉన్నవారికి. ఫలితం 2, 1. నాలుగు శాతం ఆధిక్యానికి ఒక డెలిగేటు లాభం. బేసి సంఖ్య ఉన్నచోట స్వల్ప ఆధిక్యం పండుతుంది, సరి సంఖ్య ఉన్నచోట భారీ ఆధిక్యమూ వృథా కావచ్చు. అందుకే మీరు గీసిన చిన్న గడుల్లో సరి సంఖ్యలున్న వాటి చుట్టూ వేరే రంగు పెన్నుతో గీత పెట్టుకోండి. ఫలితాలు వస్తున్నప్పుడు బేసి గడుల్లో ఎవరు యాభై దాటారో చూడండి, సరి గడుల్లో ఎవరైనా అరవైలోకి వెళ్లారేమో చూడండి. పెద్ద పెద్ద సభలు ఎక్కడ పెట్టాలో, ప్రకటనలకు డబ్బు ఎక్కడ ఖర్చు చేయాలో ప్రచార బృందాలు నిర్ణయించుకునేది కూడా ఈ గడులు చూసే.

న్యూ హాంప్‌షైర్‌లో 2020లో శాండర్స్ మొదటి స్థానంలో, బుటిజెజ్ రెండో స్థానంలో, క్లోబుచార్ మూడో స్థానంలో నిలిచారు: 25.6, 24.3, 19.7 శాతం. ఇరవై నలుగురిలో వారికి వచ్చింది 9, 9, 6. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా లేదు. ఆ రాష్ట్రంలో రెండే నియోజకవర్గాలు, చెరొక ఎనిమిది మంది. రాష్ట్రం కోటాలు 5, 3. నాలుగు గదులూ మీరే చేసి చూడండి, తొమ్మిది నిమిషాల పని. అదే రోజు ఐదో స్థానంలో నిలిచి ఒక్క డెలిగేటూ తెచ్చుకోలేని వ్యక్తి బైడెన్. పద్దెనిమిది రోజుల తరువాత దక్షిణ కరోలినా, ఆపై మార్చి 3న ఒకేసారి ఎన్నో రాష్ట్రాల పోలింగు ఆయన కథను మార్చేశాయి. ఒక రాష్ట్రం ఫలితంతో పోటీ ముగిసిందనే వ్యాఖ్యాతల మాట మీద తొందరపడవద్దని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

సమయం సంగతి క్లుప్తంగా. మార్చి రెండో ఆదివారం వరకు అమెరికా తూర్పు తీరం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, ఆ తరువాత తొమ్మిదిన్నర గంటలు. దక్షిణ కరోలినాలో సాయంత్రం 7కు పోలింగు ముగిస్తే ఫిబ్రవరిలో మనకు తెల్లవారి 5.30. కాలిఫోర్నియాలో రాత్రి 8కి ముగిస్తే మనకు పొద్దున్న 9.30. తపాలా ఓట్లు ఎక్కువ కాబట్టి అక్కడ లెక్కింపు రోజులు, వారాలు సాగుతుంది.

మన అలవాటుకు మింగుడుపడని విషయం ఇంకొకటి. దేశమంతటికీ కలిపి ఫలితం ప్రకటించే ఎన్నికల సంఘం అక్కడ లేదు. ఎవరు గెలిచారో మొదట చెప్పేది వార్తా సంస్థలు. అసోసియేటెడ్ ప్రెస్ 1848 నుంచి ఈ పని చేస్తోంది. 2024లో దక్షిణ కరోలినాలో పోలింగు ముగిసిన క్షణంలోనే, అంటే మనకు 5.30కే, ట్రంప్ గెలిచారని ఆ సంస్థ ప్రకటించింది. ఓటర్లను ముందే ప్రశ్నించి చేసిన సర్వే, గత ఎన్నికల సరళి చూసి, వెనక ఉన్నవారు ఇక అందుకోలేరని తేలినప్పుడే అలా చెబుతారు. అది మొదటి స్థానం గురించిన మాట మాత్రమే. ఒకటో నియోజకవర్గంలో ముగ్గురు ఎవరికి వెళ్తారో ఆ క్షణానికి తేలలేదు. విజేత ప్రకటన రాగానే టీవీ ఆపేయకండి, మనకు కావలసిన పని అప్పుడే మొదలవుతుంది. డెలిగేట్ల పట్టీలో "ఇంకా కేటాయించనివి" అని ఒక అంకె ఉంటుంది. అది సున్నాకు దిగే వరకు మీ కాగితం మీద పెన్సిలుతో రాయండి, దిగాక పెన్నుతో దిద్దండి.

అక్కడ ఓటు ఉన్న మన పిల్లలకు చెప్పవలసిన జాగ్రత్త ఒకటి. ప్రైమరీలో ఎవరు ఓటు వేయవచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. దక్షిణ కరోలినాలో ఓటరు నమోదులో పార్టీ పేరు రాయరు, ఎవరైనా ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు, కానీ ఒక్కదానిలోనే. 2024లో ఫిబ్రవరి 3న డెమోక్రాటిక్ ప్రైమరీలో ఓటేసినవారికి 24న రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు లేదు. ఫ్లోరిడాలో అయితే ఆ పార్టీ ఓటరుగా ముందే నమోదై ఉండాలి, గడువు దాటితే ఇక అంతే. ఒక రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలు చెప్పింది ఇంకో రాష్ట్రంలో చెల్లదు. మా అక్క కూతురికి నేను చెప్పింది కూడా ఇదే: "మీ రాష్ట్ర ఎన్నికల కార్యాలయం ప్రకటించిన తేదీలు చూసుకో అమ్మా, వాట్సాప్‌లో వచ్చినవి కాదు."

అభ్యర్థి మధ్యలో తప్పుకుంటే డెలిగేట్లు ఏమవుతారు? హేలీ 2024 మార్చి 6న పోటీ ఆపేశారు. తన పేరు మీద ఉన్న 97 మందినీ జులైలో, మహాసభకు ముందు, ట్రంప్‌కు ఓటు వేయమని విడుదల చేశారు. డెమోక్రాట్ల వైపు ఇంకా పెద్ద ఘటన జరిగింది. ప్రైమరీలన్నీ గెలుచుకుని డెలిగేట్లలో అత్యధికులను పోగుచేసుకున్న బైడెన్ జులై 21న తప్పుకున్నారు. ఆయన డెలిగేట్లు కమలా హారిస్ వైపు వచ్చారు, ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్ ఓటింగుతో ఆమె అభ్యర్థి అయ్యారు. డెలిగేటు ఒక మనిషి అని, వట్టి అంకె కాదని అప్పుడు అందరికీ తెలిసింది. కాబట్టి మీ కాగితంలో ప్రైమరీ రోజు లెక్కకు ఒక నిలువు వరుస, మహాసభ రోజు ఓటుకు పక్కన ఇంకో వరుస ఉంచుకోండి.

2028కి పాత కాగితం పనికిరాదు. తేదీలు, డెలిగేట్ల సంఖ్య, రిపబ్లికన్ రాష్ట్రాల పంపకం పద్ధతి ప్రతి నాలుగేళ్లకూ కొత్తగా రాస్తారు. ఒకసారి అంతా గెలిచినవారికే ఇచ్చిన రాష్ట్రం ఇంకోసారి నిష్పత్తికి మారవచ్చు. పై మూడు ప్రశ్నలూ మాత్రం మారవు.

చేతికి పదును రావడానికి ఒక అభ్యాసం ఇస్తాను. వెర్మాంట్‌లో 2024 మార్చి 5న రిపబ్లికన్ ప్రైమరీ జరిగింది. మొత్తం 17 మంది డెలిగేట్లు, అందరూ ఒకే గదిలో. నియమం: ఎవరైనా నూటికి యాభై దాటితే 17 మందీ వారికే. ఎవరూ దాటకపోతే నిష్పత్తి. హేలీ మొదటి స్థానంలో నిలిచారు, కానీ యాభైకి వెంట్రుకవాసిలో ఆగిపోయారు. ట్రంప్ ఆమెకంటే సుమారు నాలుగు శాతం వెనక. ఇద్దరి మధ్యా లెక్క వేయండి, పూర్ణాంకాలు ఇచ్చి మిగిలినవారిని దశాంశం చూసి పంచండి. మీకు 9, 8 రావాలి. రాకపోతే వందతో భాగించారేమో ఒకసారి చూసుకోండి.